ఆదివారం పెట్టిన గంజి

పోయిన ఆదివారం వేలూరులో మా గుడిలో ఆరాధన అయిపోయాక తలా ఒక కాగితం చేతిలో పెట్టారు. మంచి దళసరి కాగితం, చుట్టూ పూలు. పైన తమిళంలో పెద్ద అక్షరాలతో ఒక ప్రశ్న: దేవుడు మిమ్మల్ని ఏ పని కోసం పుట్టించాడు? దాని కింద నాలుగంటే నాలుగు గీతలు. వారం లోపల నింపి ఇవ్వాలట.

మెడలో గుర్తింపు కార్డు పట్టీ తగిలించుకున్న ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. ముసలామె కదా, రాయడం రాదనుకుంది కాబోలు, తనే కలం తీసింది.

"మీరు చెప్పండి పాటీ, నేను రాస్తాను." పాటీ అంటే తమిళంలో అవ్వ.

"ఆస్పత్రిలో దుప్పట్లు మడిచినాను. ముప్పై రెండేళ్ళు" అన్నాను.

ఆ అమ్మాయి కలం కదల్లేదు. నవ్వుతూనే, "అది ఉద్యోగం పాటీ. ప్రభువు కోసం ఏం చేశారు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. మంచి పిల్లే, నవ్వు కూడా బాగుంది, అయినా మండింది. కాగితం లాక్కుని చేతిసంచిలో కుక్కుకుని ఇంటికి వచ్చేశాను. దారంతా మా అవ్వే గుర్తొచ్చింది. ఈ ప్రశ్న మా అవ్వను అడిగి ఉంటే ఆ అమ్మాయి కలం అక్కడే వదిలేసి పారిపోయేది.

మా అవ్వ ఇల్లు గుడియాత్తంలో, నేతగాళ్ళ వీధిలో. వీధంతా తెలుగువాళ్ళే, అందరివీ మగ్గాలే. మా తాత కాలంలో మా ఇల్లు ఒక్కటి క్రైస్తవంలో కలిసింది. దానికని మా గడపకు ఎవరూ రావడం మానలేదు, కానీ మా ఇంట్లో నీళ్ళు మాత్రం ఎవరూ తాగేవాళ్ళు కాదు. అరుగు మీద కూర్చుని ఊరి సంగతులన్నీ మాట్లాడేవాళ్ళు. దాహమేస్తే లేచి తమ ఇంటికి పోయి తాగి, మళ్ళీ వచ్చి అదే చోట కూర్చునేవాళ్ళు. అవ్వ దాన్ని తప్పుపట్టేది కాదు. "పోయి రానీలే, కాళ్ళకు మంచిది" అనేది.

అమ్మానాన్నలు పేర్ణాంబట్టులో తోళ్ళ షెడ్డులో పనికి కుదిరి, నన్ను అవ్వ దగ్గర వదిలారు. నెలకోసారి వచ్చేవాళ్ళు. అమ్మ చీరలో పచ్చితోలు వాసన ఉండేది, ఎంత సబ్బు పెట్టినా పోయేది కాదు. పాపం అమ్మ, దగ్గరకు తీసుకుంటే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నాకు అవ్వ వాసనే వాసన. పులిసిన గంజి, వేరుశనగ నూనె, వక్కాకు.

నూలుకు పెట్టే గంజిని అవ్వ నూకలతో కాచేది. అది చిక్కబడి బుడగలు వేస్తుంటే, ఇంకా నూనె వేయకముందే, నేను దొంగతనంగా ఒక గరిటె తీసి బెల్లం ముక్క కలుపుకుని పెరట్లోకి ఉడాయించేదాన్ని. నాలుక కాలేది, అయినా ఆ రుచి మళ్ళీ దేంట్లోనూ నాకు దొరకలేదు. అవ్వకు తెలియదనుకునేదాన్ని. నూకలు ఎప్పుడూ ఒక గుప్పెడు ఎక్కువే వేసేదని పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు.

ఇంట్లో తాత తెలుగు బైబిలు ఒకటి ఉండేది, పాత లుంగీ గుడ్డలో చుట్టి. తాత పోయాక ఆ అక్షరాలు వచ్చినవాళ్ళు ఇంట్లో లేరు. నా బడి తమిళం, మా గుడి తమిళం. తెలుగు మా నోళ్ళలోనే ఉండేది. అయినా అవ్వ రోజూ దీపం పెట్టగానే ఆ పుస్తకం తెరిచి, గీతల వెంట వేలు పోనిస్తూ గొర్రెల కాపరి కీర్తన చదివేది. ఏ పేజీ తెరిచినా అదే కీర్తన. ఒకరోజు నేను కొంటెతనంగా వెనక ఉన్న దేశపటం పేజీ తీసి ముందు పెట్టాను. అవ్వ సముద్రం మీద వేలు పెట్టి కీర్తనంతా పూర్తి చేసి, ఆమెన్ అని, "ఈ పొద్దు అక్షరాలు శానా నీలంగా ఉండాయే" అంటూ నా చెవి మెలిపెట్టింది.

ఆ ఏడు కోత పండుగకు అవ్వ ఒక పని తలపెట్టింది. కోత పండుగంటే పండినదాంట్లో మొదటిది గుడికి తెచ్చి ఇవ్వడం. సేద్యగాళ్ళు గుమ్మడికాయలు, వడ్లు, కోళ్ళు తెచ్చేవాళ్ళు. ప్రభువు బల్ల మీద, అంటే రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద పరిచే తెల్లగుడ్డ అంచు చిరిగిపోయి ఉంది. అది అంగట్లో కొన్న మిల్లు గుడ్డ. "నేతగాళ్ళ ఊర్లో దేవుడికి అంగడి గుడ్డ ఏందమ్మా, సిగ్గుచేటు" అని అవ్వ చాలా ఏళ్ళుగా గొణిగేది. ఆ ఏడు గొణగడం మానేసి మగ్గమెక్కింది.

పగలంతా లుంగీలు నేసి, సాయంత్రం పొద్దు వాలకముందు తాత పాత మగ్గం మీద ఒక అంగుళం, అంగుళమున్నర ఆ గుడ్డ నేసేది. సన్నపు నూలు, రంగు పోగు ఒక్కటి లేదు. అంచులో తెలుపు మీదే తెలుపు చార ఒకటి పెట్టింది, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే గాని కనబడదు. "ఎవురికి కనబడుతుందవ్వా అది?" అని అడిగితే, "చూడాల్సినాయనకు కనబడుతుందిలే" అంది. మూడు నెలలు పట్టింది. దేవుణ్ణి అవ్వ తనకోసం ఏదీ అడగడం నేను వినలేదు, ఇది తప్ప. "ఒక్కసారి నా గుడ్డ మీదనుంచి రొట్టె తీసి నా చేతిలో పెట్టాల. అంతే."

ఆ గుడ్డను పళ్ళెంలో పెట్టుకుని బల్ల దగ్గరికి మోసుకుపోయే పని నాది. కొత్త గౌను కుట్టించారు. వేలూరునుంచి పెద్ద అయ్యగారు, అంటే పెద్ద పాదిరి, వస్తున్నారు, ఆయన ముందు నేను ఒక బైబిలు వాక్యం అప్పజెప్పాలి. వారం రోజులుగా కోడికి, మేకకు, మగ్గానికి అందరికీ అప్పజెప్పేశాను.

ఆ పండుగకు ముందు మూడు వారాలు వాన. నేతగాళ్ళకు వానంటే ఏమిటో చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడుగునా చాచి, గంజి పెట్టి, పెద్ద కుంచెలతో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దువ్వి ఎండలో ఆరబెట్టాలి. ఎండ లేకపోతే ఆ పని లేదు, ఆ పని లేకపోతే మగ్గం లేదు. మా ఎదురింటి అత్త ఇంట్లో మామ కాలు విరిగి మంచాన పడి ఉన్నాడు. శనివారం కాస్త తెరిపి ఇచ్చిందని అత్త పాపం తొందరపడి పడుగును గంజిలో ముంచింది. ముంచిన అరగంటకే మళ్ళీ వాన. తడిసిన నూలు ముద్దగా ఇంట్లో పడి ఉంది. ఇంకొక్క రోజు అలాగే ఉంటే పులిసిపోయి ముట్టుకుంటే తెగిపోతుంది.

ఆదివారం తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. ఎండ వచ్చేసింది. తక్కిన మగవాళ్ళంతా వెనక వీధిలో తమ పడుగులు పరిచేసుకున్నారు. అత్త మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, ఈ పొద్దు మీ పండగని తెలుసు. నా నోటితో యెట్లా అడిగేది?" అంది. కళ్ళలో నీళ్ళు.

అవ్వ అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. ఒక్క నిమిషం ఆకాశం వైపు చూసింది. తరువాత కొంగు నడుముకు చుట్టి, అటకమీద ఉన్న తాత కుంచె దించింది. కుంచె పట్టడం మగవాళ్ళ పని ఆ వీధిలో. తాత పోయాక అవ్వ పట్టింది, మొదట్లో నవ్వినవాళ్ళు తరువాత ఆమె దగ్గర గంజి పాళ్ళు అడిగేవాళ్ళు. మా ఇంట్లోనూ ఒక పడుగు వానకు మూలుగుతూ మూలన పడి ఉంది. దాన్ని అవ్వ తాకలేదు. "మనది రేపు చూసుకుందాం, ఈ పొద్దు ఆదివారం గదా" అంది. నాకేమీ అర్థం కాలేదు.

ఒక పక్క అవ్వ, ఒక పక్క అత్త. కుంచె దువ్వేవాళ్ళిద్దరూ ఒకే అడుగు వేయాలి, లేకపోతే పోగులు ముడిపడతాయి. అత్తకు ఆ అలవాటు లేదు. అవ్వ అడుగుకు సరిపోయేట్టు మా గుడి పాట ఒకటి ఎత్తుకుంది, తాత నేర్పిన తెలుగు పాట. రెండు విడతలు నడిచేసరికి అత్త కూడా రాగం కలిపేసింది. మాటలు రాని చోట "లాలలా" అంది.

నాకు గుడికి ఆలస్యమవుతోంది. పెద్ద అయ్యగారు వచ్చేస్తారు, నా వాక్యం ఎవరు వింటారు? గుడ్డ పళ్ళెం పట్టుకుని, కొత్త గౌనుతో బయల్దేరాను. గుడి వీధికి అటు చివర ఉంది. పడుగు వీధి వెడల్పంతా పరుచుకుని ఉంది, చుట్టు తిరిగి పోవాలంటే పక్క వీధి మీదుగా పోవాలి. పరిచిన పడుగు కింద దూరకూడదు, మీద దాటకూడదు. అది ఆ వీధి కట్టు. దేవుడి ఊరేగింపు వచ్చినా పడుగు ఆరేదాకా ఆగాల్సిందే. నాకు తెలుసు. తెలిసే దూరాను.

జడ రిబ్బను పోగుల్లో చిక్కుకుంది. నేను గింజుకున్నాను. టప్ టప్ మని తెగడం వినిపించింది.

అవ్వ పాట ఆపింది. కేకలు వేయలేదు, కొట్టలేదు. నా చేతిలో పళ్ళెం తీసి అరుగు మీద పెట్టి, "ఎన్ని తెగినాయో లెక్కపెట్టు" అంది.

"పదకొండు."

"అతుకు. పదకొండూ అతికినాకనే గుడి."

"నా వాక్యం ఉండాది అవ్వా! అయ్యగారు వచ్చేస్తా ఉండాడు!" అని ఏడ్చాను. "నీకు నాకంటే ఆ అత్త పడుగే ఎక్కువ" అని కూడా అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆ వాక్యం దేవుడికి వచ్చుగదా పాపా, ఆయన చెప్పిందేగా" అని అవ్వ మళ్ళీ కుంచె ఎత్తుకుంది.

తెగిన పోగు రెండు కొసలూ గంజి వేళ్ళతో తడిపి, పక్కపక్కన పెట్టి, బొటనవేలితో మెలి తిప్పాలి. మొదటిది కోపంలో రెండుసార్లు జారిపోయింది. మూడోదానికి ముక్కు కారడం ఆగింది. ఆరో ఏడో పోగు అతికాక అవ్వ పాటకు నేనూ గొంతు కలుపుతున్నానని నాకే తెలిసి ఉలిక్కిపడ్డాను. వీపు మీద ఎండ వెచ్చగా ఉంది. గంజి వాసన. పదకొండోది అతికి చూస్తే ఏది తెగిందో, ఏది తెగలేదో నేనే కనిపెట్టలేకపోయాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. గౌనంతా గంజి మరకలు, వాక్యం మరచిపోయాను, అయినా సంతోషంగా ఉంది.

అప్పుడే వీధి మొదట్లో కారు హారను మోగింది. వేలూరు అయ్యగారి కారు. వెంట నూలు అంగడి పెట్టుకున్న మా సంఘం పెద్ద పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా ఇది! ఆదివారం పొద్దు నడివీధిలో ఏం చేస్తా ఉండావు? ఎత్తు, ఎత్తు, ఉడనే, ఇప్పుడే ఎత్తు. అయ్యగారు వచ్చినాడు."

"సగం ఆరింది. ఇప్పుడెత్తితే పోగులన్నీ అంటుకుంటాయి" అంది అవ్వ కుంచె ఆపకుండా.

"దేవుడి సేవకుడమ్మా!"

"అమ్మవారి రథమే ఆగుతుంది ఈడ. అయ్యగారికి కాళ్ళున్నాయి గదా."

అత్త భయపడి, "ఎత్తేద్దాం పెద్దమ్మా, నా వల్ల నీకు మాట వద్దు" అని కుంచె దించబోయింది. అవ్వ ఆమె వైపు ఒక చూపు చూసింది. కుంచె మళ్ళీ లేచింది. అయ్యగారు కారు దిగి, తెల్లటి అంగీ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, పక్క వీధి బురదలోంచి గుడికి నడిచిపోయాడు. అత్త వాళ్ళ కోడి ఒకటి ఆయన వెనకాలే పోయింది.

పడుగు ఆరిందో లేదో అవ్వ చేత్తో చూడదు, చెంప ఆనించి చూస్తుంది. అలా చెంప ఆనించి, సరేననుకుని, చేతులు కడుక్కుని, నా చెయ్యి పట్టుకుని గుడికి నడిచింది. అప్పటికి ప్రసంగం అయిపోయింది. కానుకల వేళ. గుమ్మడికాయల మధ్యనుంచి నేను పళ్ళెంతో ముందుకు నడిచాను. సంఘం పెద్ద బల్లకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"పరిశుద్ధ దినాన పని చేసినావు, అయ్యగారి దారికి అడ్డం పెట్టినావు. సభ ముందర తప్పయిందని ఒక్క మాట చెప్పమ్మా. గుడ్డ పరుస్తాం. లేదంటే ఎత్తుకొని పో."

నేను అవ్వ ముఖంలోకి చూశాను. మూడు నెలల గుడ్డ నా చేతిలో ఉంది. ఒక్క మాట, అంతే. చెప్పెయ్యవ్వా అని లోపల మొక్కుకున్నాను. అవ్వ ఆ పాత మిల్లు గుడ్డ వైపు, దాని మీద పెట్టిన రొట్టె వైపు చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"మూడు వారాలుగా లేని ఎండ ఈ పొద్దు కాసింది. ఎవురు కాయించినారయ్యా?" అంది. "ఎండ ఆయనిచ్చినాడు. గంజి నేను పెట్టినాను. ఇద్దరం ఆదివారమే పని చేసినాం. తప్పయిందని ముందర ఆయన్ను చెప్పమను. ఆమీద నేను చెప్తా."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. అయ్యగారు తలవంచుకుని తన పుస్తకంలో ఏదో వెతికాడు. ఆయన మీద నాకు సంఘం పెద్ద మీదకంటే ఎక్కువ కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పింది. పొద్దున ఆమెను తిట్టుకున్నదాన్ని, ఆ గుమ్మడికాయల మధ్యనుంచి తలెత్తుకుని నడిచి వచ్చాను.

మధ్యాహ్నం అత్త వచ్చింది. ఒక చేతిలో సంగటి ముద్దల గిన్నె, ఒక చేతిలో చింతపండు పులుసు. అరుగు మీద ఆగలేదు, లోపలికి వచ్చేసింది. "ఈడనే తింటా పెద్దమ్మా, నీతో" అంది. అవ్వ పళ్ళెంలోనుంచి ఆ తెల్లగుడ్డ తీసి, దులిపి, నేల మీద పరిచింది.

అత్త గోడకు అంటుకుపోయింది. "అయ్యో, మీ సామి బల్ల మీద వేసే గుడ్డ గదమ్మా!"

"ఆమా. కూసో."

"బల్ల యాడుండాది ఈడ?"

"అన్నం ఉండాది గదా. కూసో అమ్మా, ఆకలేస్తా ఉండాది."

ముగ్గురం తిన్నాం. అత్త చెంబెడు నీళ్ళు మా కుండలోనివే తాగింది. నా చెయ్యి తగిలి పులుసు ఒలికింది, ఆ తెలుపు మీద, అంచు చార పక్కనే. నేను బిక్కచచ్చిపోయాను. అవ్వ చూసి, "పోనీలే, ఇప్పుడు అందరికీ కనబడుతుంది" అంది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెకు బాధ లేదని నేను చెప్పను. చచ్చేదాకా ఉంది.

సంఘం పెద్ద ఆ తరువాత రెండుసార్లు ఇంటికి వచ్చాడు. సభలో వద్దులే, నా ఒక్కడి చెవిలో చెప్పు చాలు అన్నాడు. అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చింది, మాట ఇవ్వలేదు. గుడికి మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. అంగడి గుడ్డ మీదనుంచి తీసిన రొట్టెనే చెయ్యి చాచి అందుకుంది. కోపం లేదా అవ్వా అని అడిగితే, "దేవుడి మీద నాకేం కోపం పాపా? ఆ పొద్దు ఆయనా నేనూ ఒకే పక్క నిలబడినాం" అంది.

అవ్వ పోయాక నేను వేలూరుకు వచ్చాను, ఒక ఆస్పత్రిలో బట్టల గదిలో చేరాను. ఉతికి వచ్చిన దుప్పటి ప్రతిదాన్నీ మడిచే ముందు చెంపకు ఆనించుకునేదాన్ని. మంచం మీదనుంచి లేవలేనివాళ్ళకు దుప్పట్లో చెమ్మ ఉంటే వీపు పుండవుతుంది, ముడత ఉంటే ఒరుసుకుంటుంది. నా పై అధికారి నవ్వేది. నవ్వనీ. నా పేరు ఏ రోగికీ తెలియదు, కానీ ఎవరి వీపూ నా దుప్పటి వల్ల పుండు పడలేదు. తోటి పనామె ఒకామె చిత్తూరు మనిషి, నాకు నలభై ఏళ్ళ వయసులో తెలుగు అక్షరాలు ఆమే దిద్దించింది. అవ్వ బైబిలు అప్పుడు మొదటిసారి చదివాను. గొర్రెల కాపరి కీర్తన పేజీ వెతికి పట్టుకున్నాను. ఆ పేజీ కొత్తదానిలా ఉంది. దేశపటం పేజీలోనే సముద్రం మీద గంజి వేలిముద్ర ఉంది.

నిన్న శనివారం ఆ పట్టీ అమ్మాయి కాగితం కోసం మా ఇంటికే వచ్చింది. ముందు తినమన్నాను. అవ్వ గుడ్డ పరిచి, కంచం పెట్టాను. తెల్లగుడ్డ చూసి జంకింది. ఆ పసుపుపచ్చ మరక చూపించి, "ఇది పోలేదా పాటీ?" అంది. ఆస్పత్రిలో ఉతుకులో పోని మరకలు నా దగ్గరికే వచ్చేవి, ముప్పై రెండేళ్ళు నా చేతిలో పోని మరక లేదు, నెత్తురు, మందు, చీము అన్నీ పోయాయి. ఆ ఒక్క మరక మీద మాత్రం నేను ఎప్పుడూ సబ్బు పెట్టలేదు. "పోనివ్వలేదు" అన్నాను. హాస్టల్లో ఉంటుందట, రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

పోతూ కాగితం అడిగింది. ఇచ్చాను. నాలుగు గీతలు అక్కర్లేకపోయింది, ఒక గీతలోనే పట్టింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"తెలుగా? నాకు రాదు పాటీ. ఏం రాశారు?"

"ఎండ ఆయనది, గంజి నాది అని."

"అర్థం కాలేదు పాటీ."

"మళ్ళీ రా, మళ్ళీ తిను, చెప్తా."

నవ్వి, కాగితాన్ని ఎలాగో మడిచి సంచిలో కుక్కుకోబోయింది. చూడలేకపోయాను. లాక్కుని, ముడత సాపు చేసి, మూలకు మూల కలిపి మడిచి ఆమె చేతిలో పెట్టాను.